నరసింహుడి వసూళ్ళు: ఇంట ఎంత, బయట ఎంత?

వనపర్తి జిల్లా వీపనగండ్లలో ఆ ఇద్దరికీ సినిమా అంటే ప్రాణం. ఒకరు జిల్లా పరిషత్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన పెద్దాయన. రెండో మనిషి ఆయన మేనకోడలు. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తుంది. సంక్రాంతికి ఊరొచ్చి, ఇంటిల్లిపాదితో సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర చూసొచ్చిన సాయంత్రం మాట ‘మహావతార్ నరసింహ’ మీదికి మళ్ళింది. 2025 జూలై 25న విడుదలైన ఆ యానిమేషన్ సినిమా మన దేశంలో సుమారు 300 కోట్ల రూపాయల గ్రాస్ తెచ్చింది. విదేశాలన్నీ కలిపి తెచ్చింది 30 కోట్ల లోపే. ఈ రెండంకెల్లో మన యానిమేషన్ సత్తాకు ఏది కొలత అన్న దగ్గర ఇద్దరికీ పొసగలేదు.

“ఇంటి లెక్కే లెక్క” అని మామ తేల్చేశాడు. “ఆ సినిమా ఎట్ల వచ్చిందో యాది చేసుకో. ముందు రోజే పవన్ కల్యాణ్ ‘హరిహర వీరమల్లు’ దిగింది. ఊరూరా దాని బ్యానర్లే. దీనికి హీరో లేడు, ఫంక్షన్లు లేవు. మొదటి రోజు దేశమంతా కలిపి పన్ను పోను నెట్ 2 కోట్లు కూడా కాలేదు. చూసినోళ్ళు ఇంకొకరికి చెప్పిన్రు. రెండో ఆదివారం ఒక్కరోజే 20 కోట్లు దాటింది. ఆగస్టు 14న ‘కూలీ’, ‘వార్ 2’ ఒక్కసారే వచ్చి మీద పడ్డా థియేటర్ల నుంచి పోలేదు. కొన్నిచోట్ల జనం చెప్పులు హాలు బయట విడిచి లోపలికి పోయిన్రట. ఇది ఇంటి బలం కాకపోతే ఇంకేంది?”

మేనకోడలు ఒప్పుకోలేదు. “బలమే మామా. కానీ ఎవరి బలం? కథ బలమా, యానిమేషన్ బలమా? ప్రహ్లాదుడి కథ మనకు పోతన నాటి నుంచి నోట్లో నానుతున్నదే. మొట్టమొదటి తెలుగు టాకీ, 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’, ఈ కథే. 1967లో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడిగా, రోజారమణి ప్రహ్లాదుడిగా మళ్ళీ ఇదే కథ. ఇంట్లోవాళ్ళకు తెలిసిన కథను ఇంట్లోవాళ్ళు చూడటం గొప్పే. ఆ కథ తెలియని మనిషి టికెట్ కొన్నాడా లేదా అన్నది నాకు అసలు పరీక్ష. ఆ పరీక్షలో మనకు వచ్చినవి 30 కోట్ల లోపు. అంటే డాలర్లలో 30 లక్షల పైచిలుకు.”

“కథ తెలిసి ఉండటం తప్పా? అదే సంవత్సరం జనవరిలో రామాయణం కూడా వచ్చిందిగా, జపాన్ ఆయన తీసింది. మరి దానికి ఇంత జనం ఎందుకు రాలేదు?”

మామ చెప్పింది యుగో సాకో దర్శకత్వంలో 1993 నాటికి తయారైన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ గురించి. మన దేశపు యానిమేషన్‌కు పెద్దదిక్కైన రామ్ మోహన్ దానికి సహ దర్శకుడు. 2025 జనవరి 24న తెలుగుతో సహా కొత్త అనువాదాలతో అది మన థియేటర్లలోకి వచ్చింది. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. వసూళ్ళలో మాత్రం ‘నరసింహ’ దరిదాపుల్లోకి రాలేదు. తెలిసిన కథ ఉంటే చాలదని, చెప్పిన తీరు కూడా ఇంటి ప్రేక్షకుడికి పట్టాలని మామ వాదన.

“సరే, మన ఇల్లు వదిలి పక్కిల్లు చూద్దాం” అని ఆయనే కొనసాగించాడు. “చైనాలో ‘నెజా 2’ వచ్చింది. 2025 జనవరి 29, వాళ్ళ కొత్త సంవత్సరం రోజు. ప్రపంచంలో ఏ యానిమేషన్ సినిమాకూ రానంత వసూలు చేసింది. 220 కోట్ల డాలర్లు, మన పైసల్లో సుమారు 19 వేల కోట్లు. అందులో నూటికి 95 వంతులకు పైగా చైనాలోనే వచ్చింది. బయట ఎవరు చూసిన్రు, ఎవరు చూడలేదు అని వాళ్ళు ఎదురుచూసిన్రా? మొదటి ‘నెజా’ 2019లో వాళ్ళ దేశంలోనే 500 కోట్ల యువాన్లు తెచ్చింది. ఆ ధైర్యంతోనే రెండోది తీసిన్రు. 138 కంపెనీలు, 4 వేల మంది పనిచేసిన్రట. మన దగ్గర పల్లికాయ పంటలో మంచి కాయ విత్తనానికి పక్కన పెట్టినట్టు, ఇంటి వసూలును తర్వాతి సినిమాకు పెట్టిన్రు. అందుకే ఇంట గెలిచి రచ్చ గెలవమన్నరు.”

“ఇల్లు అంత పెద్దగా ఉంటే గెలవొచ్చు మామా. చైనాలో 80 వేలకు పైగా తెరలున్నయి. మన దేశం మొత్తం కలిపినా 10 వేల లోపే. జనాభా ఇద్దరిదీ కాస్త అటూ ఇటూ సమానం. సినిమా ఎంత బాగున్నా లేని తెర మీద ఆడదు కదా. మరి ఇల్లు చిన్నగా ఉన్నోళ్ళు ఏం చెయ్యాలి? లాట్వియా అని ఒక దేశం ఉంది. జనాభా 20 లక్షలు కూడా లేదు. అక్కడి గింట్స్ జిల్బలోడిస్ ‘ఫ్లో’ అనే సినిమా తీసిండు. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, 35 లక్షల యూరోల ఖర్చుతో. ఒక పిల్లి, వరద, ఒక పడవ. ఒక్క మాట లేదు. 2025 మార్చిలో ఆస్కార్ గెలిచింది. లాట్వియా ప్రజలు దాన్ని నెత్తిన పెట్టుకున్నరు, 3 లక్షల మందికి పైగా థియేటర్‌కు పోయి చూసిన్రు. అయినా పెట్టుబడికి ఎన్నో రెట్లు తిరిగొచ్చింది ఫ్రాన్స్, అమెరికా, మెక్సికో లాంటి చోట్ల నుంచే. ఆయన ముందు ఇంట గెలుస్తా అని కూర్చుంటే సినిమా పుట్టేదే కాదు.”

మామ కాసేపు ఆలోచించాడు. లెక్కల మాస్టారు కాబట్టి ఆయన సందేహం లెక్క దగ్గరే వచ్చింది.

“బయటి వసూలు, బయటి వసూలు అంటున్నవు. అమెరికావాళ్ళు ‘డొమెస్టిక్’ అని రాసే అంకెలో కెనడా కూడా ఉంటది. రెండు దేశాలు కలిపి ఒక ఇల్లు. మన దగ్గరేమో ఇంటినే ముక్కలు చేసి చూస్తరు. సినిమా పంపిణీలో వీపనగండ్ల నైజాం ఏరియా లెక్కలోకి వస్తది. కృష్ణ దాటి కర్నూలు దిక్కు పోతే సీడెడ్. ఒకే భాష, ఒకే సినిమా, నడుమ ఒక నది, ఇద్దరు బయ్యర్లు. ఎవడి ఇల్లు ఎంతో తెలియకుండా ఇంటిదెంత, బయటిదెంత అని ఎట్ల పోలుస్తవు?”

ఈ ప్రశ్న మేనకోడలికి నచ్చింది. తన వాదనకు అసలు బలం ఇక్కడే దొరికింది.

“అదే నేను చెప్పేది. మనం ఓవర్సీస్ అంటే ఎవరు? డాలస్‌లో ఉన్న మన పాలమూరోళ్ళు, న్యూజెర్సీలో ఉన్న గుంటూరోళ్ళు, సిడ్నీలో ఉన్న కరీంనగర్ పిల్లలు. ‘బాహుబలి 2’ ఉత్తర అమెరికాలో 2 కోట్ల డాలర్లు దాటింది. అందులో ఎక్కువ భాగం మనవాళ్ళదే. అంటే అది బయట కాదు, దూరంగా ఉన్న ఇల్లు. అమెరికావాళ్ళు బయట అంటే నిజంగా పరాయివాళ్ళు. ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ 2024లో దాదాపు 170 కోట్ల డాలర్లు తెచ్చింది. ఇంట్లో 65 కోట్లు, బయట 104 కోట్లు. 2025 నవంబరులో వచ్చిన ‘జుటోపియా 2’ అయితే ఒక్క చైనాలోనే సొంతింటి కంటే ఎక్కువ వసూలు చేసింది. 2014లో ‘ఫ్రోజెన్’ జపాన్‌లో 2,500 కోట్ల యెన్‌లు దాటింది. జపాన్ పిల్లలు దాన్ని తమ భాషలో, తమ పాటగా పాడుకున్నరు. మన సినిమాలకు అట్లాంటి పరాయి ప్రేక్షకుడు దొరికింది అరుదు. ‘ఆర్ఆర్ఆర్’ జపాన్‌లో 200 కోట్ల యెన్‌లు దాటినప్పుడు దొరికిండు. అది కూడా యానిమేషన్ కాదు.”

ఇంటికి, బయటికి మధ్య ఇలా మూడో గది ఒకటి ఉందన్న సంగతి మన ట్రేడ్ లెక్కల్లో కనబడదు. ఇంట్లోవాళ్ళు ఒకరు, వలస వెళ్ళిన ఇంటివాళ్ళు ఇంకొకరు, మన భాషా మన కథా తెలియని పరాయివాళ్ళు మూడోవారు. తెలుగు స్టార్ సినిమాకు మొదటి రెండు గదులూ నిండుతాయి. ‘నరసింహ’కు మొదటి గది నిండింది, రెండో గది కొంత నిండింది. మూడో గది తలుపు తెరుచుకోలేదు. అమెరికాలో పుట్టిన మన పిల్లలు రెండో గది నుంచి మూడో గదిలోకి నడిచే వయసులో ఉన్నారు. వాళ్ళకు ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్. అభిమాన హీరో ప్రీమియర్ షోకు 20 డాలర్లు పెట్టే తండ్రి, పిల్లల కోసం యానిమేషన్ సినిమాకు అదే ఉత్సాహంతో కదలడం లేదని ‘బాహుబలి 2’ తెచ్చిన 2 కోట్ల డాలర్లకు, ‘నరసింహ’ తెచ్చిన 30 లక్షల పైచిలుకు డాలర్లకు మధ్య తేడాయే చెబుతోంది.

“బయటి పైసల సంగతి ఇంకొకటుంది” అని మామ మళ్ళీ అందుకున్నాడు. “పేపర్ల రాసేది గ్రాస్. చేతికొచ్చేది షేర్. చైనాలో పరాయి సినిమాకు వాటా పద్ధతిలో ఇచ్చేది నూటికి 25. అక్కడ 100 కోట్లు ఆడితే హాలీవుడ్‌కు 25. అదే సొంత దేశంలో సుమారు సగం మిగులుతది. అంటే బయటి రూపాయి, ఇంటి రూపాయి ఒకే బరువు కావు. ఇంకో లెక్క చెయ్యి. ‘నరసింహ’ దేశంలో 297 కోట్లు అనుకుందాం. టికెట్ సగటున 150 రూపాయలు అనుకుంటే దాదాపు 2 కోట్ల టికెట్లు. విదేశాల్లో 28 కోట్లు అనుకో. అక్కడి టికెట్ సగటున 1,200 రూపాయలు అనుకుంటే 2 లక్షల 33 వేల టికెట్లు. పైసల్లో బయటి వాటా నూటికి 9 దగ్గర. మనుషుల్లో నూటికి ఒక్కరు. నీకు ఏ లెక్క కావాలి?”

ఆ లెక్క ఊహించుకున్న సగటు ధరల మీద వేసింది. అయినా దిశ సరైనదే. డబ్బుతో కొలిస్తే విదేశీ మార్కెట్ అసలుకంటే పెద్దగా, మనుషులతో కొలిస్తే ఇల్లు అసలు పరిమాణంలో కనబడతాయి. ‘నెజా 2’కు చైనాలో 30 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. డాలర్ల పట్టికలో అది ఒక పెద్ద అంకె మాత్రమే. టికెట్ల పట్టికలో అది ఒక దేశం కుటుంబసమేతంగా థియేటర్‌కు నడిచిన సంఘటన.

“మనుషుల లెక్కే తీసుకుందాం” అంది మేనకోడలు. “జపాన్ సంగతి చూడు. మియజాకి ‘స్పిరిటెడ్ అవే’ 2001లో వాళ్ళ దేశంలో 3,000 కోట్ల యెన్‌లు దాటింది. 2003లో ఆస్కార్ కూడా వచ్చింది. అప్పట్లో అమెరికాలో తెచ్చింది కోటి డాలర్ల దగ్గర. ఇల్లంతా పండుగ, బయట నిశ్శబ్దం. సరిగ్గా మన నరసింహుడి లాగానే. వాళ్ళు అక్కడ ఆగలేదు. టీవీల్లో, ఓటీటీల్లో, పుస్తకాల్లో 20 ఏళ్ళు పిల్లలను తయారుచేసుకున్నరు. 2020 నాటి ‘డీమన్ స్లేయర్’ సినిమా అమెరికాలో దాదాపు 5 కోట్ల డాలర్లు తెస్తే, 2025లో వచ్చిన ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ 13 కోట్లు దాటింది. అదే సినిమా సెప్టెంబరు 12న మన దేశంలో తెలుగులో కూడా పడింది. పాలమూరు పిల్లలకు ఇప్పుడు జపాన్ దయ్యాల వేటగాళ్ళ పేర్లు నోటికొచ్చు. వాళ్ళ బయట ఎక్కడో కాదు, మన ఇల్లే వాళ్ళ బయట. ‘లయన్ కింగ్’కు డిస్నీ తెలుగులో నానితో, జగపతిబాబుతో, బ్రహ్మానందంతో, అలీతో చెప్పించింది. 2024లో ‘ముఫాసా’కు మహేశ్ బాబును తెచ్చింది. 2019 ‘లయన్ కింగ్’ మన దేశంలో 150 కోట్ల నెట్ దాటింది. వాళ్ళు మన ఇంటికి మన గొంతుతో వచ్చిన్రు. మనం వాళ్ళ ఇంటికి ఎవరి గొంతుతో పోయినం?”

“ముందు మన ఇంట్లో మన గొంతు ఉందా చెప్పు” అన్నాడు మామ.

సంవాదంలో ఇద్దరూ ఆగిన చోటు ఇదే. ‘మహావతార్ నరసింహ’ దర్శకుడు అశ్విన్ కుమార్. తీసింది క్లీమ్ ప్రొడక్షన్స్, సమర్పించింది బెంగళూరుకు చెందిన హొంబాలే ఫిలిమ్స్. తెలుగులో విడుదల చేసింది గీతా ఆర్ట్స్. తెలుగు ప్రేక్షకులు గుండెకు హత్తుకున్న ఆ సినిమా తెలుగు నేల మీద పుట్టింది కాదు. తెలుగులోనే పుట్టిన యానిమేషన్ సినిమా అనగానే గుర్తొచ్చేది 2006 నాటి ‘కిట్టు’. బి. సత్య దర్శకత్వం వహించిన ఆ కోతిపిల్ల కథకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ తర్వాత పెద్దతెర వసూళ్ళలో లెక్కకొచ్చిన తెలుగు యానిమేషన్ ఏదని అడిగితే జవాబు కోసం వెతుక్కోవాలి.

పనితనం లేక కాదు. రాజీవ్ చిలక హైదరాబాద్‌లో 2001లో మొదలుపెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచే 2008లో ‘ఛోటా భీమ్’ టీవీకి వచ్చాడు. 2012లో పెద్దతెరకూ వెళ్ళాడు. అదే సంస్థ మాటలు లేకుండా తీసిన ‘మైటీ లిటిల్ భీమ్’ను విదేశాల్లో 2 కోట్ల 70 లక్షల ఇళ్ళు చూశాయని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. హైదరాబాద్ కేంద్రంగానే నడిచిన డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ ‘ది జంగిల్ బుక్’ సిరీస్‌ను ఎన్నో దేశాలకు అందించింది.

“చూసినవా మామా, మూడో గది తలుపు తీసింది తెలుగు ఊరి స్టూడియోనే” అని మేనకోడలు గర్వంగా చెప్పింది. “కాకపోతే అది టికెట్ల లెక్కలోకి రాదు. రెండు గంటల సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 1,72,800 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేముకు మోడల్, రిగ్, లైటు, రెండర్. ఆ పనంతా మాకు వచ్చు. రోజూ పరాయివాళ్ళ సినిమాలకు అదే చేస్తున్నం. మా పనికి గంటల లెక్కన కూలి వస్తది. బొమ్మ మీద హక్కు వాళ్ళది, వసూలు వాళ్ళది. అందుకే నాకు బయటి మార్కెట్ కావాలి. మన ఇంటి టికెట్ ధరతో పిక్సార్ స్థాయి జీతాలు, యంత్రాలు రావు. పిక్సార్ ‘ఇన్‌సైడ్ అవుట్ 2’కు పెట్టింది 20 కోట్ల డాలర్లు. మన ఇల్లు ఒక్కటే దాన్ని మోయలేదు.”

“నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. వరుస ఏందన్నదే నా మాట. చైనా 2019లో ఇంట గెలిచి 2025లో ఇంకా పెద్దగా ఇంట గెలిచింది. జపాన్ ఇంట గెలిచిన 20 ఏళ్ళకు బయట గెలిచింది. ‘నరసింహ’ తీసినోళ్ళు కూడా 2037 వరకు ఏడు సినిమాల వరుస ప్రకటించిన్రు, మొదటిదాన్ని ఇల్లు నిలబెట్టింది కాబట్టి వాళ్ళకు ఆ దారి ఉంది. మనకు ఇంట గెలిచిన ఒక్క తెలుగు బొమ్మ లేదు. ముందు అది రానీ.”

“వచ్చేది పురాణమే కావాల్నా?”

“ఏదైనా కావొచ్చు. మన పిల్లలు తమదనుకునేది కావాలి.”

మేనకోడలు దీనికి సగమే ఒప్పుకుంది. కథ రాసే రోజు నుంచే పరాయి ప్రేక్షకుడిని మనసులో పెట్టుకోవాలని, విడుదలయ్యాక ఆలోచిస్తే ఆలస్యమని ఆమె పట్టు. మామ పట్టు ఆయనది.

ఇద్దరి వాదనలనూ అంకెల పక్కన పెట్టి చూస్తే తీర్పు మామ వైపు కొంత ఎక్కువ మొగ్గుతుంది. లాట్వియా లాంటి చిన్న దేశానికి బయటి దారి తప్పనిసరి. రెండు రాష్ట్రాల్లో 8 కోట్లకు పైగా జనం, ఊరి హాలు దాకా సినిమా పిచ్చి ఉన్న తెలుగువాళ్ళకు ఇల్లు చిన్నదని చెప్పడం కుదరదు. ‘నరసింహ’ ఆ ఇంటి తలుపు బార్లా తీసి చూపింది. కానీ మేనకోడలు చెప్పిన మాట విడిచిపెట్టదగింది కాదు: దూరపు బంధువుల టికెట్లను ప్రపంచ విజయంగా లెక్కేసుకుంటే మూడో గదిని మనం ఎప్పటికీ చూడం.

కాబట్టి తెలుగు నిర్మాతలకు, పంపిణీదారులకు ఒక విన్నపం. ఒక్క యానిమేషన్ సినిమాను తెలుగులో రాయించండి, హైదరాబాద్‌లో ఉన్న పనివాళ్ళతోనే చేయించండి, బొమ్మ మీద హక్కు వాళ్ళకూ మిగలనివ్వండి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్ళలో ఆదివారం పొద్దుటి ఆటకు పిల్లల టికెట్ 100 రూపాయల లోపు పెట్టండి. వసూళ్ళు ప్రకటించేటప్పుడు కోట్లతో పాటు ఎన్ని టికెట్లు తెగాయో, అందులో ఇంటివెన్నో, విదేశాల్లో మనవాళ్ళవెన్నో, పరాయివాళ్ళవెన్నో విడివిడిగా చెప్పండి. అప్పుడు ఈ వాదనను ఊహల మీద కాకుండా లెక్కల మీద నడపవచ్చు.